వజ్రబాహు ఇంకా బస్సు దించలేదు

మార్చి 4
క్యాబిన్‌లో నుంచి

ఒరేయ్ పెన్సిలూ,

ఎలా ఉన్నావు అని అడగను. అడిగితే "బాగున్నానక్కా" అంటావు. ఫోన్‌లో అయితే మరీ హాయి నీకు. ఆ ఒక్క మాట అనేసి, బావ ఎలా ఉన్నాడు, చిన్నది ఎలా చదువుతోంది అని నన్నే ప్రశ్నలతో దులిపేస్తావు. అందుకే కాగితం. కాగితం మీద తప్పించుకోవడం కాస్త కష్టం.

లారీలు ఆలస్యం. నేల నుంచి నూట పన్నెండు మెట్ల పైన, ఈ గాజు గదిలో క్రేను మీటల ముందు కూర్చుని ఉన్నాను. ఎప్పటిలాగే సరుకు చీటీల పుస్తకం మీదే రాస్తున్నాను. నీ కోసం ప్రత్యేకంగా కాగితాలు కొంటానని ఆశ పెట్టుకోకు.

అసలు సంగతికి వస్తాను. నీ బొమ్మల కథల పత్రిక వచ్చింది. చిన్నది వదిలాక నేను చదివాను. వంతెన మీద నుంచి పడబోయిన బస్సును వజ్రబాహు ఒంటి చేత్తో పట్టుకున్నాడు. బాగుంది. పన్నెండేళ్ళుగా వాడికి అదే పని కదా, ఒకసారి కొండనే పక్కకు జరిపాడు. కానీ ఈసారి ఏమిట్రా, పట్టుకున్నవాడు దించడే! పదహారు పేజీలూ బస్సు నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగాడు. జనం "దించవయ్యా" అని మొత్తుకుంటున్నారు. బస్సులోంచి ఒక ముసలాయన తల బయటపెట్టి "బాబూ, నా స్టాపు దాటిపోయింది" అంటున్నాడు. అక్కడ నవ్వాను. ఆ తర్వాత వాడి తల మీద ఆలోచన బుడగ చదివాను. "ఎత్తడానికి బలం చాలు. దించడానికి ఏం కావాలో నాకు తెలియదు." నా నవ్వు ఆగిపోయింది.

బొమ్మలన్నీ అయ్యాక, ఆఖరున, తలుపు వేసుకుని ఒక్కడివే ఆ బుడగల్లో మాటలు నింపుతావని నువ్వే చెప్పావు. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఏమైందిరా వాడికి?

ఇక్కడంతా మామూలే. ఈలాయన ఇంకా సెలవులోనే ఉన్నాడు. ఆయన పద్ధతి నీకు చెప్పాను కదా. బరువు నేలకు దగ్గరయ్యాక ఆయన ఒక ఈల వేస్తాడు. కిందున్న ప్రతి ఒక్కరూ దూరంగా జరిగి ఒక చెయ్యి పైకెత్తాలి. నేను పైనుంచి చేతులు లెక్కపెట్టుకుంటాను. ఆయన అంతా చూసుకుని రెండో ఈల వేశాకే దించాలి. ఆయన బదులు వచ్చినావిడ ఈల వేస్తే సగంమంది చెయ్యే ఎత్తరు. ఎత్తినవాళ్ళు నిజంగా ఎత్తారో, తల గోక్కుంటున్నారో తెలియదు. అందుకని నేను నాలుగైదు సార్లు లెక్కపెడుతున్నాను. కాస్త ఆలస్యమవుతోంది, అంతే.

లారీ వచ్చింది. సరిగ్గా తింటున్నావో లేదో రాయి. వజ్రబాహు కాదు, నువ్వు.

అక్క


మార్చి 13

అక్కకి,

ఉత్తరం అందింది. చీటీ నంబర్లు 4417 నుంచి 4421 దాకా. నీ ఉత్తరాలు వరస తప్పకుండా దాచుకోవడం ఎంత తేలికో నీకు తెలియదు.

"ఏమైంది వాడికి" అని నువ్వే అడిగావు చూడు, ఆ ఒక్క వాక్యం చదివి నేను ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నువ్వు పోల్చుకుంటావో లేదో, పోల్చుకుంటే చెడామడా తిడతావేమో అని భయపడుతూనే ఆ సంచిక అచ్చుకిచ్చాను. నువ్వు తిట్టలేదు. వాడి పేరు పెట్టి అడిగావు. మనం ఇలాగే మాట్లాడుకుందామక్కా, అంతా వాడి మీద పెట్టి. సూటిగా మాట్లాడాలంటే మన ఇంట్లో ఎవరికీ నోరు పెగలదు. నాన్న పోలిక.

నాకు తోచింది చెబుతాను. వాడి ఒంట్లో బలం ఏమీ తగ్గలేదు. ఎప్పుడో, ఏదో దించేటప్పుడు, ఏదో జరిగింది. దాన్ని కడుపులో దాచుకున్నాడు. పైకి జోకులేస్తున్నాడు. అంత బలవంతుడిని పట్టుకుని నువ్వు బాగున్నావా అని ఎవరు అడుగుతారు? "నీకేం, కొండలు మోసేవాడివి" అంటారు. అది వాడికీ అలవాటైపోయింది.

ఇంకో కబురు. ఎడిటర్ గారు పిలిచి, జూన్ ఆఖరి సంచికతో వజ్రబాహు కథ ముగించేయమన్నారు. పిల్లలు కొత్త వీరుడిని అడుగుతున్నారట. ఎలా ముగించాలో కూడా ఆయనే సెలవిచ్చారు. "ఆ బస్సు కిందే పడి పోయాడని వెయ్యవయ్యా, గుండెలు పిండినట్టుంటుంది" అన్నారు. అప్పటి నుంచి ఒక గీత గీసి మూడు చెరుపుతున్నాను. వాడు పోకూడదక్కా. దించాలి. ఎలా దించుతాడో మాత్రం నాకు తెలియదు. నీకు తెలిస్తే రాయి.

తింటున్నాను. వీధి చివర హోటలాయన నన్ను చూడగానే అడక్కుండానే ప్లేటు పెట్టేస్తాడు. బావకి నమస్కారాలు.

పెన్సిలు


మార్చి 24

ఒరేయ్,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. చదివాక కిందికి దిగాలో పైకి ఎక్కాలో తెలియలేదు. పైకే ఎక్కాను.

నువ్వు రాసింది నాకు అర్థం కాలేదనుకోకు. నాలుగేళ్ళప్పుడు కూడా నీది ఇదే తంతు. గ్లాసు పగలగొట్టి, మూల కూర్చుని, "బొమ్మ పగలగొట్టింది" అనేవాడివి. ఆ బొమ్మకి అమ్మ ఎన్ని దెబ్బలు వేసిందో! ఇప్పుడు వాడికి ఏదో జరిగింది, వాడు కడుపులో దాచుకున్నాడు, వాడిని పొమ్మంటున్నారు. వాడు, వాడు, వాడు. ఒరేయ్, నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని, నాకు తెలియదా?

దీంతో ఒక కాగితం ముక్క జత చేశాను. మనసు డాక్టరుగారి చిరునామా, మీ ఊళ్ళోనే. మా యార్డు నర్సు పోయిన నెల నా చేతిలో పెట్టింది. నాకెందుకిచ్చిందో అర్థం కాలేదు, ఎవరికైనా పనికొస్తుందని పర్సులో పడేశాను. ఇప్పుడు పనికొచ్చింది. వెంటనే వెళ్ళు. సిగ్గుపడకు. పన్ను నొప్పికి వెళ్ళమా? వెళ్ళి, ఏం జరిగిందో రాయి. రాయకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని తీసుకెళతాను.

నీకు నవ్వు రావాలని రెండు సంగతులు చెబుతాను. మొన్న ఒక కంటెయినర్ని నేలకు జానెడు ఎత్తులో నలభై నిమిషాలు ఆపేశాను. కింద లారీల వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. సూపర్‌వైజరు రేడియోలో అరుస్తుంటే "గాలి బాగా ఉందండీ" అని చెప్పాను. గాలే లేదు! జెండా గుడ్డ చలనం లేకుండా వేలాడుతోంది. ఆయన దాన్ని చూశాడో లేదో.

రెండోది ఇంట్లో. కుక్కరు స్టవ్ మీద నుంచి తీసి, చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డానట. ఎంతసేపో నాకు తెలియదు. మీ బావ వచ్చి, "ఏమే, అది ఎవరి కోసం ఎదురుచూస్తోంది?" అన్నాడు. గట్టు మీద చోటు ఖాళీగానే ఉంది. పెట్టబోతే ఎందుకో చెయ్యి రాలేదు. అరచెయ్యి కాస్త కాలింది. నవ్వొచ్చిందా లేదా?

వెంటనే వెళ్ళు.

అక్క


ఏప్రిల్ 5

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వు రాలేదు. చెయ్యి ఎలా ఉంది? మందు రాశావా?

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చిరునామా నువ్వే పంపావు, అంటే నీ ఇష్టంతోనే కదా అని ధైర్యం చేశాను. మేడ మీద గది. ఆకుపచ్చ కుర్చీలు ఏడు, అందరూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం అందరి మొహాలూ చూసి మనసులో బొమ్మలు గీసుకుంటున్నాను, అలవాటు. ఆవిడ పెద్దావిడ, కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకుంది. అంతా చెప్పాను. బస్సు సంగతి, కుక్కరు సంగతి, నలభై నిమిషాల సంగతి. కొన్ని ఉత్తరాలు కూడా చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని, "బాగా గమనించారు. కానీ ఉత్తరాలకి వైద్యం చెయ్యలేను, మనిషి రావాలి" అన్నారు. ఈలోగా ఎత్తు మీద పని చెయ్యకుండా ఉంటే మంచిదన్నారు. మే 6న పదకొండు గంటలకు రమ్మన్నారు. నువ్వు రా అక్కా. ఇద్దరం కలిసి వెళ్దాం.

కొత్త సంచిక పంపుతున్నాను. ఇందులో వజ్రబాహు ఒక ముసలమ్మ వంటింట్లోకి వెళతాడు. ఒక చేత్తో బస్సు, రెండో చేత్తో పాలగిన్నె. "ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతాడు. ఆవిడ చోటు చూపించినా పెట్టలేడు. పాఠకుల ఉత్తరాలు బస్తాల్లో వస్తున్నాయి. అందరిదీ ఒకటే ప్రశ్న, ఎప్పుడు దించుతాడు అని. ఎడిటర్ గారు మురిసిపోతూనే, ముగింపు మాత్రం తను చెప్పినట్టే ఉండాలంటున్నారు.

మే 6. మర్చిపోకు.

పెన్సిలు


ఏప్రిల్ 14

పెన్సిలూ,

"మనిషి రావాలి" అన్నారా? అంటే నువ్వు ఆ మేడ మెట్లెక్కి కూడా, నీ సంగతి కాకుండా ఆ కాగితం మనిషి సంగతే చెప్పి వచ్చావన్నమాట! ఉత్తరాలు చదివి వినిపించడం ఏమిట్రా? ఎవరి ఉత్తరాలు? పాఠకులవా? ఆవిడకి ఎంత ఓపికో. ఎత్తు మీద పని చెయ్యకూడదన్నారు కాబట్టి ఆ మూడో అంతస్తు గది వెంటనే ఖాళీ చేసి కింద ఎక్కడైనా చూసుకో.

మే 6కి వస్తాను. సెలవు అడిగితే సూపర్‌వైజరు "ఇంకెవరున్నారమ్మా, నీ అంత చెయ్యి తిరిగినవాళ్ళు" అని మునగచెట్టు ఎక్కించాడు. అయినా వస్తాను.

ఈ ఉత్తరం ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఏదో మర్చిపోయినట్టుంటోంది. ఈ రోజు పనికి బయల్దేరి బస్‌స్టాప్ నుంచి మూడుసార్లు ఇంటికి వెళ్ళాను, స్టవ్ ఆపానో లేదో అని. మూడుసార్లూ ఆపే ఉంది. నాలుగోసారికి మీ బావ స్టవ్ ఫోటో తీసి ఇచ్చి, "ఇది పట్టుకెళ్ళు" అన్నాడు. వేళాకోళం. ఆ ఫోటో దారంతా చూసుకుంటూ వెళ్ళాను.

చిన్నది నీ సంచిక చదివి ఏమందో తెలుసా? "అమ్మా, పాలగిన్నె పట్టుకున్న వజ్రబాహు అచ్చం నువ్వే" అంది. మీసాలొక్కటే తేడా అట. నవ్వి ఒకటి అంటించాను. దాని తెలివంతా ఇలాంటి వాటికే.

అక్క


ఏప్రిల్ 29

తమ్ముడికి,

మే 6కి రావడం లేదు.

పాత చీటీ పుస్తకాలన్నీ అప్పజెప్పమని ఆఫీసువాళ్ళు అడిగారు. నిండినవి ఏవో, కానివి ఏవో చూద్దామని తిరగేశాను. మా చీటీల్లో పై కాగితం లారీ డ్రైవరుకి పోతుంది, కింద కార్బన్ పడిన నీలం కాపీ పుస్తకంలోనే ఉండిపోతుంది. నీకు రాసేటప్పుడు ఆ కార్బన్ సంగతి ఒక్కసారీ నాకు తట్టలేదు. సరుకు కాపీల మధ్య నీకు రాసిన ప్రతి ఉత్తరమూ ఉంది. కంటెయినరు, కంటెయినరు, "ఒరేయ్ పెన్సిలూ", మళ్ళీ కంటెయినరు.

నంబరు 2306, జనవరి 9. "ఎత్తడానికి బలం చాలురా. దించడానికి ఏం కావాలో నాకు తెలియదు." నా చేతిరాత. ఎప్పుడు రాశానో గుర్తు కూడా లేదు. రెండు లారీల మధ్య రాసిపడేసి ఉంటాను.

కుక్కరు నీకు పాలగిన్నె అయింది. ఆ పెద్దావిడకి చదివి వినిపించింది నా ఉత్తరాలు. చిన్నదానికి అర్థమైంది, నాకు కాలేదు. రెండు నెలలుగా నీకేదో అయిపోతోందని నేను కుమిలిపోతుంటే, నువ్వు నా భయానికి మీసాలు పెట్టి, రంగులేసి, అచ్చేసి ఊరంతా పంచావు. ఆ పత్రిక మా యార్డులోకీ వస్తుంది, తెలుసా? టీ దగ్గర డ్రైవర్లు "దించవయ్యా" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను.

నాకేం కాలేదు. నేను బాగానే ఉన్నాను. ఉత్తరాలు రాయకు.


మే 3

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేసినా పరవాలేదు, చదివి చింపు.

రెండేళ్ళ కింద "నా ఉత్తరాల్లో చెత్తంతా నీ బొమ్మలకి వాడుకో" అని నువ్వే అన్నావు. అది పట్టుకుని వాడుకున్నాను. అది సాకని నాకు తెలుసు. సరదా సంగతులు వాడుకోమన్నావు గానీ ఇవి కాదు. తప్పు చేశాను. అడగాల్సింది.

ఒట్టేసి చెబుతున్నాను, నీకు అర్థమైందనే అనుకున్నాను. నువ్వు వాడి గురించి రాసినప్పుడల్లా నీ గురించే చెబుతున్నావనుకున్నాను. నువ్వేమో నా గురించి అనుకున్నావు. ఇద్దరం ఒకే బొమ్మని చెరో వైపు నుంచి పట్టుకుని లాగాం.

నిన్ను ఎందుకు గీశానో కూడా చెబుతాను. పన్నెండేళ్ళుగా నేను గీస్తున్న భుజాలు నీవేనక్కా. అమ్మ పోయాక నన్ను ఒక చంకన, బియ్యం సంచి ఒక చంకన వేసుకుని నువ్వు మేడ మెట్లెక్కడం చూసినప్పటి నుంచి నాకు బలం అంటే అదే. వాడికి భయం వేస్తే ఏం చేస్తాడో నాకు తెలియదు. ఎందుకంటే నీకు భయం వేయడం నేనెప్పుడూ చూడలేదు. మొదటిసారి ఉత్తరాల్లో చూశాను. నిన్ను నేరుగా అడగడానికి భయపడి వాడిని అడిగాను.

ఇప్పుడు నేరుగా అడుగుతున్నాను. నవంబర్లో నువ్వు రాసిన ఉత్తరం నా ముందు ఉంది. "యార్డులో చిన్న తడబాటు, ఎవరికీ ఏమీ కాలేదు" అని మొదలుపెట్టావు. మధ్యలో మళ్ళీ "ఎవరికీ ఏమీ కాలేదు". చివర సంతకం కింద మళ్ళీ అదే. ఏమీ కాకపోతే ఎవరూ మూడుసార్లు రాయరు.

ఎవరికి ఏమైందక్కా?

పెన్సిలు


మే 19

పెన్సిలూ,

ఈసారి కార్బన్ తీసేసి రాస్తున్నాను.

మూడుసార్లు రాశానని నాకు తెలియదు. మూడూ అబద్ధాలే.

ఆ రోజు అది ఆఖరి బరువు. కింద ఐదుగురు. మొదటి ఈల వినపడింది. ఐదు చేతులు లెక్కపెట్టాను, సరిపోయింది. రెండో ఈల కోసం ఆగాలి. చిన్నదాని స్కూల్లో పాటల పోటీ, ఐదింటికల్లా వస్తానని మాటిచ్చాను, టైము చూసుకున్నాను. ఆగలేదు. మీట నొక్కేశాను. బరువు కింద వేసే చెక్క దిమ్మ ఒకటి పక్కకు జరిగితే ఈలాయన చెయ్యి దించి, దాన్ని కాలితో సర్దుతున్నాడు. అందుకే రెండో ఈల వెయ్యలేదు. పైనుంచి నాకు ఆయన కనపడలేదు. అంత ఎత్తుకి అరుపులు కూడా రావు. చేతులన్నీ ఒక్కసారిగా లేచి, పిచ్చిపట్టినట్టు ఊగడం మాత్రం కనపడింది.

కుడి పాదం సగం తీసేశారు.

విచారణలో ఆయన, "రెండో ఈల వేశాను, వేశాకే వెళ్ళి కాలు పెట్టాను, తప్పు నాదే" అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. నోరు మెదపలేదు. వాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆయన్ని ఇంటికి పంపారు. నన్ను మళ్ళీ పైకి పంపారు. ఆయన సెలవులో ఉన్నాడని నీకు రాసింది దీని గురించే.

నీ ఉత్తరం చదివిన మూడో రోజు ఆయన ఇంటికి వెళ్ళాను. వీధి మొదట్లోంచి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. మూడోసారి తలుపు తీసే ఉంది. ఆయన గుమ్మంలో స్టూలు మీద కూర్చుని కుర్చీకి నవారు బిగిస్తున్నాడు. పక్కన చేతికర్ర. నన్ను చూసి, "ఓహో, కిందికి దిగొచ్చావా" అన్నాడు.

ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకున్నాను. నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు. "కాలు పోయినందుకు నాకు నీ మీద కోపం లేదమ్మా. పోయింది, పోయింది. కానీ ఆర్నెల్లు! ఒక్కసారి గుమ్మం తొక్కావా? మా ఇంటావిడ రోజూ అడుగుద్ది, ఏదీ, నువ్వు అబద్ధం చెప్పి కాపాడిన ఆ పైనమ్మాయి అని. ఏం చెప్పను దానికి? బిజీగా ఉందని చెప్పనా?"

ఏడ్చానురా. ఆయన ఓదార్చలేదు. ఏడవనిచ్చి, అయ్యాక లోపలికి "టీ పెట్టు, మూడు కప్పులు" అని కేకేశాడు. నవారు రెండో కొస నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈలాయనకి తెలిసి మండిపడ్డాడు, బంగారంలాంటి అబద్ధాన్ని పాడుచేశానట. నన్ను క్యాబిన్ నుంచి దించేశారు. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా కిందే పని. ఆయన్ని పిలిచి, కొత్తవాళ్ళకి సైగలు నేర్పే పని ఇస్తామన్నారు. ఇస్తారో లేదో తెలియదు. ఇచ్చేదాకా రోజూ వెళ్ళి అడుగుతాను. ఇరవై ఏళ్ళు చెయ్యి తిరిగినదాన్ని ఇప్పుడు నేల మీద నిలబడి ఈల వేస్తున్నాను. పైన వేరేవాళ్ళు. తల ఎత్తి చూస్తే కంటెయినరు కడుపు నల్లగా, ఎంత పెద్దగా ఉంటుందో! కిందున్నవాళ్ళకి అది రోజూ ఇలాగే కనపడుతోందని నాకు తెలియదు.

స్టవ్ కోసం ఇప్పటికీ వెనక్కి వెళుతున్నాను. నిన్న రెండుసార్లే. నర్సు ఇచ్చిన ఆ కాగితం ముక్క నీ దగ్గరుంది కదా, తిరిగి పంపు. అది నాకే ఇచ్చింది.

వాడు ఎలా దించాలని మార్చిలో అడిగావు. దించడానికి బలంతో పని లేదు. జానెడు ఎత్తులో ఆపాలి. ఊగడం ఆగేదాకా ఆగాలి. రెండో ఈల దాకా ఆగాలి. అంతా ఆగడమే. ఇరవై ఏళ్ళు చేతనైన పని ఒక్క రోజు చేతకాలేదు.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. కాస్త ఉంచుకుంటాను.

అక్క


మే 28

అక్కకి,

కాగితం ముక్క జత చేశాను. జూన్ 12, పదకొండు గంటలకు నీ పేరు రాయించాను. మేడ మెట్లు పద్దెనిమిదే. ఆకుపచ్చ కుర్చీలో నీ పక్కన నేనుంటాను. వద్దంటే కింద రోడ్డు మీద ఉంటాను. ఈలాయన ఇంటికి మరోసారి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు. ఆయన మొహం నేను గీయను, ఒట్టు.

ఎడిటర్ గారితో గొడవపడ్డాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచాను. ఆయన కంగారుపడి నాకు మంచినీళ్ళిచ్చారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు వజ్రబాహు బతికాడు.

అట్టపెట్టెలో ఉన్నది ఆఖరి పేజీ. అసలు పేజీ, ఒకటే బొమ్మ. నాలుగు రోడ్ల కూడలి. చుట్టూ జనం. వజ్రబాహు బస్సును నేలకి జానెడు ఎత్తులో ఆపాడు, నువ్వు చెప్పినట్టే. వాడి తల దగ్గర ఒక బుడగ ఉంది. ఖాళీగా వదిలేశాను. ఇన్నాళ్ళూ నీ మాటలు అడక్కుండా తీసుకున్నాను. ఈ ఒక్కటీ అడుగుతున్నాను. ఇవ్వకపోయినా నాకు సమ్మతమే, ఖాళీగానే అచ్చువేయిస్తాను.

పెన్సిలు


జూన్ 6

ఒరేయ్ పెన్సిలూ,

పేజీ వచ్చింది. భోజనాల బల్ల మీద పరిచాను. మీ బావ చేతులు కడుక్కుని వచ్చి మరీ చూశాడు. చిన్నది, "చెప్పానా, మీసాలొక్కటే తేడా" అంది. ఈసారి దాని తల నిమిరాను.

ఆ బుడగ ముందు మూడు రోజులు కూర్చున్నాను. క్షమించండి అని రాశాను, పెన్సిల్‌తోనే లే, చెరిపేశాను. నేను ఈలాయనకి చెప్పాల్సింది వాడు బస్సుకి చెబితే ఏం లాభం? నాకు భయంగా ఉంది అని రాశాను. అదీ చెరిపాను. ఇన్ని సంచికల నుంచి అందరికీ తెలిసిందే కదా. లేస్తూ, కూర్చుంటూ, స్టవ్ చూసి వస్తూ నిన్న సాయంత్రం దాకా ఇదే వరస.

ఈ రోజు యార్డులో నేను మొదటి ఈల వేశాను. పైన కొత్తావిడ, మూడో రోజే పని, బరువు గాల్లో ఆపి ఉంచింది. గాజులోంచి మొహం కనపడదు గానీ ఆ ఆగడంలో నాకు తెలిసిపోయింది, లెక్కపెడుతోంది, మళ్ళీ లెక్కపెడుతోంది. నేను ఈల తీసి పక్కన పెట్టి, నా చెయ్యి ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తాను. మునివేళ్ళ మీద నిలబడి మరీ ఎత్తాను. నన్ను చూసి తక్కినవాళ్ళూ బాగా ఎత్తారు. అందరివీ చూసుకుని, అప్పుడు రెండో ఈల వేశాను. పూలబుట్ట పెట్టినంత మెల్లగా దించింది.

ఇంటికొచ్చి బుడగ నింపేశాను. పైన సిరాతో దిద్దాను కూడా, ఇక నువ్వు మార్చలేవు. వాడు పన్నెండేళ్ళలో ఎవరినీ ఏమీ అడగలేదు, ఇప్పుడు అడుగుతాడు. "కింద ఎవరున్నారండీ? కాస్త చేతులెత్తండి, నాకు కనపడాలి."

ఒక ఇబ్బంది ఉంది. నువ్వు కూడలిలో నూటపాతిక మందిని గీశావు, లెక్కపెట్టాను. అందరూ నోళ్ళు తెరిచి పైకి చూస్తున్నారు, చేతులు మాత్రం జేబుల్లో పెట్టుకున్నారు. ఒక్కడి చెయ్యీ పైకి లేదు. ఇలాంటి జనంలో వాడు ఎలా దించుతాడురా?

మళ్ళీ గియ్యి. అందరి చేతులూ. జూన్ 12న పదకొండింటికి వస్తున్నాను, అప్పటికి సగమైనా అవ్వాలి.

అక్క